అనుమతి లేని ధాతువు

నమోదు 611

మేకలు ఈ పూట పాలు సరిగ్గా ఇవ్వలేదు. గని గోడలు ఎండకు కాగి, అడుగున ఉన్న మాకు పెనం మీద కూర్చున్నట్టే ఉంది. ఇక మేకలను అని ఏం లాభం! నేను పాలు పితుకుతుంటే ఔసో రోజూ పక్కన గొంతుక్కూర్చుని చెంబుకు పాట పాడుతుంది. చెంబు నిండుతున్నంతసేపూ "నిండుతోంది, నిండుతోంది" అంటుంది. పాలు అంచుకు రాగానే చప్పట్లు కొట్టి ఒక్క ముక్కలో "నిండె!" అంటుంది. ఆ తరువాత చేతులు కట్టుకుని, పెళ్లిపెద్దలా చెంబును చూస్తూ "నిండి ఉంది" అని తలూపుతుంది.

మూలభాషలో క్రియకు ఉన్నవి ఈ మూడు చూపులే. నిన్నా రేపూ దానికి పెద్దగా పట్టవు. పని సాగుతోందా, ఒక్కసారిగా జరిగిందా, జరిగి దాని ఫలితం మన ముందు నిలిచి ఉందా అన్నదే దానికి ముఖ్యం. ధాతువు ఒక్కటే, దాని చుట్టూ తొడుగులు మారతాయి. ఈ ముక్క పిల్లల తలకెక్కించడానికి నేను కాలేజీలో ముప్ఫై ఏళ్లు గొంతు చించుకున్నాను. ఐదేళ్ల పిల్ల ఒక చెంబుతో చెప్పేస్తుంది. ప్రపంచంలో ఈ భాష తల్లిపాలతో వచ్చిన మనిషి ఇప్పుడు ఇదొక్కతే.

ఈ రోజు చెంబు నిండింది. ఔసో పాడలేదు. మోకాళ్లు పొట్టకు ఆనించుకుని కూర్చుని, నా వైపు చూసి "గెగోబ" అంది.

నేను గోడవైపు తిరిగాను.

ఇది మా నియమం. మేం ఒప్పుకున్న మాటల పట్టికలో లేని మాట పిల్ల నోట వస్తే పెద్దవాళ్లు గోడవైపు తిరగాలి. తిట్టకూడదు, దిద్దకూడదు, విన్నట్టు కనబడకూడదు. నీళ్లు పొయ్యని మొక్క ఎండిపోయినట్టు వినని మాట ఎండిపోతుందని మా పెద్ద రత్నం గారి సిద్ధాంతం. ఇంతవరకూ అలాగే జరిగింది కూడా. తొండకు, పొగకు, గచ్చు మీద కాలు జారడానికి ఆ పిల్ల పెట్టుకున్న ముద్దుముద్దు పేర్లు ఎన్నో అలాగే ఎండిపోయాయి.

నేను తిరిగి చూసేసరికి ఔసో లేచి వెళ్లిపోయింది. కాస్త వంగి నడుస్తోందనిపించింది.

నమోదు 612

పొద్దున కొర్రలు దంచాను. మధ్యాహ్నం రాతిబల్ల దగ్గర సభ.

ఈ చిట్టా గనిలో తెలుగులో జరిగే ఒకే ఒక్క పని. మూలభాషలో చెప్పలేనివి ఎవరో ఒకరు రాసి పెట్టాలి కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. ఔసో రాకూడని రేకుల గదిలో కూర్చుని రాస్తాను. ఇక్కడివాళ్ల మాటలన్నీ నేను తెలుగులోకి దించుతున్నవే.

మేం పదమూడు మందిమి ఈ నల్లరాతి గనిలోకి దిగింది గింజ నుంచి పారిపోవడానికే. పైన ఉన్న ప్రతి మనిషి చెవిలోనూ గింజ ఉంటుంది. అది అన్ని భాషలూ ఎరుగును, అన్నిటినీ అన్నిటిలోకీ మార్చేస్తుంది. అక్కడితో ఆగితే బాగుండేది. మనిషి మాట కోసం తడుముకునే లోపే మాట అందించడం మొదలుపెట్టింది. ఇప్పుడు పైన పిల్లలు ఏడవబోతే ఎందుకు ఏడవాలో కూడా అదే చెబుతుంది. ఇంత లోతుకు దాని సంకేతం రాదు. దానికి తెలియని భాష కూడా ఒక్కటే మిగిలింది, ఎవరూ ఎప్పుడూ వినని భాష. సంస్కృతం, గ్రీకు, లాటిన్ లాంటివాటి పెద్దముత్తవ్వ. ఆ మనవరాళ్ల పోలికలు చూసి ముత్తవ్వ ముఖం ఊహించి గీసుకున్నాం. అందుకే పండితులు ఈ భాష మాటలు రాసేటప్పుడు ప్రతిదానికీ ముందు ఒక చుక్క పెడతారు. ఇది ఊహే, బతికి ఉన్న మనిషి నోట ఎవరూ విన్నది కాదు అని ఒప్పుకోవడం అది. తెలుగుకు ఈ వంశంతో రక్తసంబంధం లేదు, అరువు మాటలే ఉన్నాయి. మా ఇంటి భాష దీనిలో దొంగతనంగా కలవదని రత్నం గారు తెలుగువాళ్లనే ఏరుకున్నారు.

సభలో ఇవాళ "గెబ్" మీద చర్చ. "గెగోబ"కు తొడుగులు తీసేస్తే మిగిలే ధాతువు అది. ఔసో ఆ మాట నాతోనే కాదు, అందరితోనూ అంటోందట. అందరూ గోడవైపు తిరిగారట. మాటను మాత్రం మహా ఇష్టంగా చీల్చి చూశాం. మూలభాష ధాతువుకు ఒక కట్టుబాటు ఉంది. మధ్యలో ఒక అచ్చు, అటూ ఇటూ హల్లుల కాపలా. ఆ కాపలాదారుల్లో గ, ద, బ లాంటివి రెండు ఒకే ధాతువులో ఎదురుబొదురుగా నిలబడవు. పైగా బ అన్న అక్షరం ఆ భాషలో చుట్టపుచూపుగా వచ్చిందే. ఈ పిల్ల ఒక్క మాటలో రెండు తప్పులూ చేసింది.

"ఇది మన మొక్క కాదు" అన్నారు రత్నం గారు. ఆయన వయసు డెబ్బై దాటింది, గొంతు ఇంకా తరగతి గదిలోదే. "ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. గట్టిగా ఎండనివ్వాలి."

క్రియలు నా శాఖ కాబట్టి ముందు నన్నే అడిగారు. అనుమతి లేదన్నాను. అందరూ చేతులెత్తారు. ఔసో తల్లి శర్వాణి అందరికంటే ఆలస్యంగా ఎత్తింది.

ఆ మాటకు అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. అర్థం తెలియాలంటే వినాలి, వినకూడదన్నది నియమం.

నమోదు 613

నాకు ఏదో బాగాలేదు. కుంకుడుకాయ పులుసుతో బట్టలు ఉతుకుతున్నానే గాని కళ్లన్నీ ఔసో మీదే ఉన్నాయి.

పొద్దున జావ తాగలేదు. బలవంతాన రెండు గుక్కలు పోస్తే కక్కింది. ఎండదెబ్బ అని ఒకరు, పచ్చి ఈతకాయలు తిన్నదని ఒకరు. తండ్రి ఉంటే ఇంకో మాట అనేవాడేమో. అతను గింజ లేకుండా బుర్ర పనిచెయ్యడం లేదని, పిల్లకు ఏడాది నిండకుండానే పైకి ఎక్కి వెళ్లాడు. మేం పన్నెండు మందిమి మిగిలాం.

శర్వాణి పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఔసో తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని "గెగోబ" అంది. శర్వాణి మొహం గోడవైపు తిప్పుకుంది. పిల్ల మళ్లీ గడ్డం పట్టుకుని తిప్పింది, మళ్లీ అంది. శర్వాణి మళ్లీ తిరిగింది. ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. చూడలేక దండెం దగ్గరికి పోయి పిండిన బట్టలే మళ్లీ పిండాను.

తరువాత నేను పిల్ల పక్కన చేరాను. నియమం ఒప్పుకున్న మాటలతోనే అడిగాను.

"కాలుతోందా?"

"లేదు, హనా." హన అంటే మూలభాషలో అవ్వ. నన్ను అలాగే పిలుస్తుంది.

"ఏదైనా కోసిందా? విరిగిందా?"

"లేదు."

ఇక నా దగ్గర అడగడానికి మాట లేదు. సిగ్గుతో రాస్తున్నాను, మా పట్టికలో నొప్పికి మాట లేదు. మూడు ధాతువులు పోటీలో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో మనవరాలి శాఖలోనే దొరికింది. రెండు శాఖలు సాక్ష్యం చెప్పందే ఏ ధాతువునూ పిల్ల చెవిన వెయ్యకూడదని మా మొదటి కట్టడి. అందుకని ఐదేళ్లుగా తీర్పు వాయిదా. కాలడం ఉంది, కోయడం ఉంది, విరగడం ఉంది, యుద్ధంలో చావడానికే నాలుగు మాటలున్నాయి. పిల్లకు మోకాలు దోక్కుపోతే "విరిగిందా" అని అడిగి నవ్వించేవాళ్లం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత మా కోసమే పుట్టింది.

ఔసో నా మొహం చూస్తూ పెదవులు కదిపింది. ఏమంటుందో నాకు తెలుసు. నా మెడ దానంతట అదే గోడవైపు తిరగబోయింది, ఆపుకున్నాను. అయితే ఆ మాట ఇంకా రాలేదు. నా మెడ కదలడం చూసి పిల్లే మింగేసింది.

సాయంత్రం రత్నం గారి దగ్గరికి పోయి, పిల్లను పైకి తీసుకెళ్లి చూపిద్దామన్నాను.

"ఈతకాయలకు ఆసుపత్రా, వకుళా?" అన్నారు. "పైన వైద్యం చేసేది గింజే కదా. అది పిల్లను పలకరిస్తుంది, పిల్ల పలుకుతుంది. నాలుగు వాక్యాలు చాలు దానికి, భాష మొత్తం లాగేస్తుంది. రేపటికి ఔసో నోటికి కూడా అదే మాటలు అందిస్తుంది. ఇంకొక్క రోజు చూద్దాం."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నా భయం. అబద్ధమైతే పోట్లాడేదాన్ని.

నమోదు 614

ఔసో నవ్వింది!

పొద్దున్నే లేచి నీళ్లు అడిగింది. మేకపిల్ల వచ్చి చెయ్యి నాకితే నవ్వింది. పొట్ట మీద నుంచి మోకాళ్లు తీసి కాళ్లు చాపుకుంది. నాకు ఏనుగెక్కినంత సంబరమేసింది. శర్వాణి రెండు రోజుల తరువాత జుట్టు దువ్వుకుంది.

రత్నం గారు వచ్చి పిల్ల తల నిమిరారు. "నిన్నటి నుంచి ఆ మాట అనలేదు కదా?" అని అడిగారు. అనలేదని శర్వాణి చెప్పింది. "ఎండిపోయింది" అన్నారు ఆయన, తృప్తిగా. ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల కోసం చెక్కిన రాతి ఆవు ఒకటి పై జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. దాన్ని పక్కన పెట్టి వెళ్లారు.

నేను చెరువు మీద పాచి తీసే పనికి పోయాను. ఆ పచ్చనీళ్లలో నిలబడి ఉండగా ఒక ఆలోచన వచ్చింది. పిల్ల ఆ మాట మానేసింది బాగుపడి కాకపోవచ్చు. ఎవరూ వినరని తెలిసి మానేసి ఉండొచ్చు.

గబగబా తిరిగి వచ్చాను. ఔసో పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. నవ్వు లేదు. నుదుటి మీద తడిబట్ట మారుస్తూ ఉండిపోయాను. శర్వాణీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నమోదు 615

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

తెల్లవారాక ఔసో పొట్ట తాకితే చెక్కలా ఉంది. కళ్లు లోపలికి పోయాయి. అరవడం లేదు, ఏడవడం లేదు. అదే నన్ను చంపేసింది. ఐదేళ్ల పిల్ల ఏడవకుండా పడుకోవడం ఏమిటి?

వయసులో ఉండగా నేను మన్యంలో తిరిగాను. గింజ ఇంకా రాని రోజులవి. ముసలివాళ్ల ముందు కూర్చుని, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగి రాసుకునేదాన్ని. వాళ్లు ఏమన్నా సరే, నా పుస్తకంలో ఉన్నా లేకపోయినా తల వంచుకుని రాసుకోవడమే పని. ఆ పని ఈ పిల్ల దగ్గర ఒక్కరోజూ చెయ్యలేదు. మూలభాషను పుట్టుకతో మాట్లాడే ఒకే ఒక్క మనిషి ఎదురుగా ఉంటే, అడిగి నేర్చుకోవలసిన పన్నెండు మందిమీ దానికి నేర్పుతూ కూర్చున్నాం. అన్ని మాటలకూ చుక్కలు పెట్టుకుని, బతికున్న నోటి నుంచి వచ్చిన మాట దగ్గర మాత్రం మొహం తిప్పుకున్నాం.

ఔసోను ఎత్తుకున్నాను. మెల్లగా, పొట్ట నలగకుండా. బయటికి తెచ్చి నీడలో కూర్చోబెట్టుకుని, నియమం తప్పి, ఆ మాట నా నోటితో అన్నాను.

"గెబ్. ఏది గెబ్, ఔసో?"

పిల్ల ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. పెద్దవాళ్ల నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు పాపం. నేను గోడవైపు తిరగకుండా దాని కళ్లలోకే చూస్తూ మళ్లీ అడిగాను.

పిల్ల వేలు ఎత్తి, ముళ్లకంపలో చెవి చీరుకున్న మేకను చూపించింది. నేను పక్కనున్న రాయిని చూపించి, ఇది గెబ్ అవుతుందా అన్నాను. తల అడ్డంగా ఊపింది. పోయిన వారం పొయ్యి దగ్గర కాలి బొబ్బెక్కిన నా చేతిని పట్టుకుని, "హన గెగోబె" అంది, చివర ఎ పెట్టి, అవ్వకు అని. తరువాత ఆ చెయ్యి తీసుకెళ్లి తన పొట్ట మీద, కుడివైపు కింద పెట్టి, నా మొహం కేసి చూస్తూ "గెగోబ" అంది.

ఆ పిల్ల నొప్పికి మాట తనే చేసుకుంది. మేం ఇవ్వలేదని ఊరుకోలేదు. చేసుకుని, దాన్ని "నిండి ఉంది" లాంటి మూడో చూపులో పెట్టి, వచ్చి కూర్చున్న నొప్పి పోవడం లేదని ఇంటింటికీ పోయి చెప్పింది. మేం పన్నెండు గోడలమయ్యాం.

"శర్వాణీ!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను. "పిల్లకు నొప్పే. మొదటి నుంచీ నొప్పనే చెబుతోంది!"

శర్వాణి పరుగెత్తుకు వచ్చింది. పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని, "అయ్యో నా తల్లీ, నా బంగారూ, నొప్పా అమ్మా, ఎక్కడమ్మా" అని ఐదేళ్ల తెలుగు ఒక్కసారిగా కక్కేసింది. ఔసో బెదిరిపోయింది. తల్లి నోటి నుంచి ఎప్పుడూ వినని చప్పుళ్లు. చేతులు అడ్డం పెట్టుకుని నా వైపు ఒరిగింది. శర్వాణి అది చూసి నోరు మూసుకుంది, ఏడుపు మాత్రం ఆగలేదు.

పైకి వెళ్లడానికి ఒక్క ఇనుప తొట్టే దిక్కు. లారీల బాట చరియ విరిగిపడి ఎప్పుడో మూసుకుపోయింది. చేత్తో తిప్పే గిలక దగ్గర రత్నం గారు నిలబడి ఉన్నారు. మా అరుపులు విని వచ్చినట్టున్నారు.

"వైద్యుడినే కిందికి రప్పిద్దాం" అన్నారు మూలభాషలో. "గింజ తీసేసి రమ్మందాం. సాయంత్రంలోగా..."

"సాయంత్రానికి నా బిడ్డ ఉండదు మాస్టారూ" అంది శర్వాణి తెలుగులో. "మీ భాష మీరే ఉంచుకోండి. దానికి దండం పెడతా. నన్ను పోనివ్వండి."

"నా భాషా?" అన్నారు ఆయన. ఆయన నోట తెలుగు విని ఎన్నేళ్లయిందో. "అది ఔసో భాషమ్మా. నాది కాదు. నేను ఇంతవరకూ ఒక్క కల కూడా అందులో కనలేదు." ఔసో మొహం చూశారు. పిల్ల ఆయన కేసి చూసి, పెదవి విప్పి, మళ్లీ మూసుకుంది. ఆయన తొట్టిని దగ్గరికి లాగారు.

మమ్మల్ని ఎక్కించి గిలక ఆయనే తిప్పారు. ఇద్దరు కుర్రవాళ్లు సాయం వస్తే పక్కకు పొమ్మన్నారు. తొట్టి లేస్తుంటే ఆయన ఊపిరి బుసలు కొట్టడం పైదాకా వినిపించింది.

పైన రోడ్డు మీద కూరగాయల బండి వాడు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. "ఏందమ్మా, ఈ గుడ్డలేంది, ఏ ఊరు మీది?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో ముందు గదిలో మనుషులు లేరు. పిల్ల చెవిలో గింజ పెట్టమని గోడలోంచి ఒక గొంతు చెప్పింది. పెట్టాం. ఎక్కడ నొప్పి అని అది తెలుగులో అడిగింది, ఉర్దూలో అడిగింది, తమిళంలో అడిగింది, ఆ తరువాత నేను పేరు కూడా వినని భాషల్లో అడుగుతూ పోయింది. ఔసో రెండు చెవులూ మూసుకుంది. నోరు విప్పలేదు. రత్నం గారు అంతగా భయపడిన ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటి కూడా గింజకు దక్కలేదు.

నేనే తెలుగులో చెప్పాను, మొదటి నుంచి జరిగినదంతా. లోపలి నుంచి మస్తాన్‌బీ అనే నర్సు వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసి, తీసి, వెంటనే గంట కొట్టింది.

"పేగుతోక పగిలిందమ్మా, అపెండిక్సు. నిన్న కాస్త తేలికపడ్డట్టు ఉండి ఉంటది, పగిలినప్పుడు అట్నే ఉంటది. ఇన్ని రోజులు ఏం చేస్తా ఉన్నారు? బిడ్డ చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను.

"మరి?"

"మేం వినలేదు. వినకూడదని నియమం పెట్టుకున్నాం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మేం ఎవరమో, గనిలో ఏం చేస్తున్నామో, గింజ అంటే ఎందుకు పడదో రెండు ముక్కల్లో చెప్పాను. పిల్లను పడుకోబెట్టిన చక్రాల మంచాన్ని లోపలికి తోస్తూనే వింది.

"గింజ పాపిష్టిదే, కాదనను" అంది. "అది కనీసం వింటదమ్మా."

తలుపు మూసుకుంది. శర్వాణి నేల మీద కూర్చుంది. నేను రాస్తున్నాను. రాయకపోతే ఆ తలుపు కేసి చూడాలి.

నమోదు 616

బతికింది.

లోపలంతా చీము పట్టిందట, కడిగి కుట్టారట. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ లేదనేవాళ్లమని డాక్టరమ్మ చెప్పింది. శర్వాణి ఆమె కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది.

గండం పూర్తిగా గడవలేదు. మళ్లీ చీము పడితే మొదట తెలిసేది పిల్లకే. కుట్ల దగ్గర సలుపు పెరుగుతోందా, తగ్గుతోందా, వేరే చోట ఏమన్నా ఉందా, పూటపూటకూ అడిగి చెప్పమన్నారు. నొప్పి ఉందంటేనే దానికి తగ్గ మందు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పిల్ల అడగాలి.

ఔసో అడగడం లేదు. మెలకువ వచ్చింది, నీళ్లు తాగింది, తల్లి వేలు పట్టుకుంది. కాని మత్తు దిగుతున్న కొద్దీ పిడికిళ్లు బిగుసుకుంటున్నాయి. కాలివేళ్లు ముడుచుకుంటున్నాయి. చెమటకు దిండు తడిసింది. శర్వాణి మూలభాషలో "చెప్పమ్మా, చెప్పు" అంటే పాలు, మేక, ఆవు అని అనుమతి ఉన్న మాటలు చెబుతోంది. మంచి పిల్ల అనిపించుకోవాలని చూస్తోంది.

మస్తాన్‌బీ మందు బుడ్డి పట్టుకుని నిలబడింది. "నొప్పి ఉన్నట్టే కనిపిస్తా ఉంది. ఎక్కడో, ఎంతో తెలియకుండా పొయ్యలేను, లోపల ఏమన్నా పెరుగుతా ఉంటే మందు దాన్ని కప్పేస్తది. నువ్వు అడగమ్మా. ఆ నొప్పి మాట బిడ్డ నీకే కదా విప్పి చెప్పింది."

నేను మంచం మీద కూర్చున్నాను. కాలిన నా చెయ్యి పిల్లకు చూపించాను. పొక్కు చితికి నిజంగానే మండుతోంది. వట్టి వేషం కాదు. ఆ మాటను దాని నోటి నుంచి ఎలా విన్నానో అలాగే, గొంతు దాచుకోకుండా, నలుగురిలో అన్నాను.

"గెగోబ, ఔసో. హన గెగోబె."

ఔసో నా చెయ్యి చూసింది. నా మొహం చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, నా మీద జాలిపడిందని నాకు తెలిసింది. వేళ్లు ముందుకు వచ్చాయి, నా మణికట్టు దాకా వచ్చి ఆగాయి. మంచానికి అటువైపు సున్నం వేసిన గోడ ఉంది. ఔసో పళ్లు బిగించి, కుట్లు కదలకుండా మెల్లమెల్లగా ఒత్తిగిలి, మేం నేర్పిన మర్యాద తప్పకుండా ఆ గోడవైపు తిరిగింది.